బుజ్జీ, ఆ కీబోర్డు పారేయకు

చి॥ బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అంతా క్షేమం. నువ్వు ఫోన్ చేసి మూడు వారాలైంది. పనుల్లో ఉంటావులే, నేనేమీ అనుకోవడం లేదు. నీ చిన్న కీబోర్డు కాసియో ఎస్‌కె-1ని "బొమ్మేగా" అని పాత సామాన్లలో వేసేస్తున్నావట, పిన్ని మాటల్లో అంది. నిజమేనా?

మోగకపోతే ముందు సెల్స్ గది తెరువు. లోపల ఐదు పెన్సిల్ సెల్స్ ఉంటాయి. కారితే స్ప్రింగుల మీద తెల్లగా పొక్కు కడుతుంది. ఆల్కలైన్ సెల్ నుంచి కారేది క్షారం. దూదిపుల్లకు రెండు చుక్కల వెనిగర్ అద్ది తుడిచి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్లీ తుడువు. గ్లవ్స్ వేసుకో, ఆ చేత్తో కళ్లు నలుపుకోకు. వాడని వస్తువులోంచి సెల్స్ తీసెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను! అన్నయ్య టార్చి ఏమైందో చూశావుగా. దొరికిన అడాప్టరల్లా గుచ్చకు. దీనికి పిన్ను మధ్యలో మైనస్, ఇప్పుడొచ్చే చాలావాటికి మధ్యలో ప్లస్. తిరగబడితే లోపలి చిప్ పోవచ్చు.

కొన్ని మెట్లే పలక్కపోతే అది చాలావరకు దుమ్ము పనే. మరలు విప్పి, ఏ కన్నంలోది ఆ కన్నం పక్కనే పెట్టుకో. రబ్బరు పట్టీ లేపి, కింది నల్లటి కార్బన్ చుక్కల్ని ఆల్కహాల్ దూదితో మెల్లగా ఒక్కసారి తుడువు. గట్టిగా రుద్దితే కార్బనే ఊడొస్తుంది. రిబ్బన్ తీగను పదేపదే వంచకు, తెగుతుంది.

ఆదివారాలైనా తీరిక దొరకదా నీకు?

బొమ్మ అన్నావు కాబట్టి కాసియో వాళ్లదే ఇంకోటి, ఎంటీ-40 సంగతి చెప్పాలి. 37 సన్న మెట్ల కీబోర్డు, 1981లో వచ్చింది. కాలేజీలో జమైకా సంగీతం రెగె మీద థీసిస్ రాసి, 1980లో కాసియోలో చేరిన ఒకుడా హిరోకోకి అందులో తాళాలు కట్టే పని ఇచ్చారు. "రాక్" అనే పేరుతో ఆమె ఓ వరస పెట్టింది. నాలుగేళ్లకు జమైకాలో నోయెల్ డేవీ దగ్గరున్న ఎంటీ-40లో ఆ వరసే దొరికింది. వేన్ స్మిత్ దాని మీద పాడాడు, కింగ్ జామీ వేగం తగ్గించి రికార్డు చేశాడు. రెగె యంత్రాల వైపు మళ్లిందే ఆ పాటతో. అదే వరస మీద తర్వాత వందల పాటలు కట్టారు.

నీ దానిది ఇంకో గొప్ప. బయటి శబ్దాన్ని రికార్డు చేసుకుని మెట్ల మీద పలికిస్తుంది. 1.4 సెకన్ల శబ్దాన్ని 8 బిట్లలో, సెకనుకు సుమారు 9,400 ముక్కలుగా పట్టుకుంటుంది. అందులో సగం, అంటే దాదాపు 4.7 కిలోహెర్ట్జ్ పైన ఉండే సన్నటి ధ్వనులేవీ మిగలవు, "స", "శ" అరిగిపోయి గరగరలాడతాయి. స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టి రికార్డు చేసి చూడు. పై మెట్టు మీద చిరుగంటలా టింగుమంటుంది, అట్టడుగు మెట్టు మీద సాగి సాగి గుడిగంటలా మోగుతుంది. ఎన్ని లక్షల శబ్దాలున్న కీబోర్డైనా, నువ్వు అప్పటికప్పుడు కొట్టిన గ్లాసు అందులో ఉండదు కదమ్మా.

ఆదివారం పొద్దున ఫోన్ చెయ్. కొత్త సెల్స్ వేసి, కింది నుంచి 32 మెట్లూ వరసగా నొక్కు, ఏవి మూగవో విని ఇక్కడ రాసుకుంటాను. పాత సెల్స్ మాత్రం ఈ రాత్రే తీసెయ్. వేళకి తిను.

నాన్న