ముడి వేసిన కవరు ఎక్కడికి పోతుంది?

సంపాదకుల వారికి,

నమస్కారం. విశాఖ బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడిచేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కుక్కను తెచ్చినాయన దాని పని అయ్యేదాకా సముద్రం వైపు చూస్తూ నిలబడతాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు గొలుసు పట్టుకుని ముందుకు నడుస్తాడు. కాస్త మర్యాదస్తులైతే కవరుతో తీసి, ముడి వేసి, ఆ కవరును దగ్గర్లోని గోడ మీద పెట్టి వెళ్లిపోతారు. నేను రాయదలచుకున్నది ఈ రెండో రకం వాళ్ల గురించి. ఎందుకంటే రెండేళ్లపాటు నేనూ అదే బాపతు. మా లాబ్రడార్ మలాన్ని క్యారీ బ్యాగులో మూటకట్టి పక్కనున్న ఖాళీ స్థలంలోకి విసిరేదాన్ని. మన ఇల్లు శుభ్రంగా ఉంది కదా అనుకునేదాన్ని. ఒక ఆగస్టులో పెద్ద వాన పడి ఆ స్థలం నిండిపోయింది. మూటలన్నీ తేలుకుంటూ మా గేటు ముందుకే వచ్చాయి. కొన్ని ఏడాది నాటివి అయ్యుండాలి. ముడి కూడా ఊడలేదు.

మా గేటు దగ్గర ఆగకపోతే అవి కాలవలోకి, అక్కణ్ణుంచి మేం గెడ్డ అనే వాగులోకి, గెడ్డలోంచి సముద్రంలోకి పోయేవి. రోడ్డు మీద వదిలేసినదైనా గట్టి వాన కొడితే ఆ దారినే పోతుంది.

ఈ మాట అంటే మా వీధిలో ఒక పెద్దాయన నవ్వారు. "పేడతో కళ్లాపి చల్లినవాళ్లం, దీనికింత టెన్షనా అమ్మా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆవు గడ్డి తింటుంది, కుక్క మాంసం తింటుంది. పేడ మాగితే ఎరువవుతుంది కదా అని కుక్క మలాన్ని దానితో కలిపి లెక్కేయకూడదు. ఇందులో టాక్సోకారా అనే నులిపురుగు గుడ్లు ఉండొచ్చు, కొంకిపురుగులు (హుక్‌వర్మ్‌లు) ఉండొచ్చు. కొంకిపురుగు పిల్లలు ఇసుకలో ఉంటే వట్టి కాళ్లతో నడిచేవాళ్ల చర్మంలోంచి లోపలికి దూరతాయి, ఎర్రటి గీతల్లా పాకుతూ దురద పెడతాయి. టాక్సోకారా గుడ్లు మట్టిలో నెలలు, ఏళ్లు కూడా బతుకుతాయి. అయితే అవి పడిన రోజే మనిషికి అంటుకోవు, ముదరడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అంటే ఏ రోజుది ఆ రోజు తీసేస్తే సగం గొడవ వదిలినట్టే. మూడు నెలలకోసారి కుక్కకు నులిపురుగుల మందు వేయిస్తే ఇంకొంత.

తీసి ఎక్కడ వేయాలి? అన్నిటికన్నా సులువైన చోటు ఇంట్లోనే ఉంది, మన మరుగుదొడ్డి. నేను వింతగా చెబుతున్నానని అనుకోకండి. వీధిలో పెంపుడు జంతువు చేసిన మలాన్ని యజమానే వెంటనే ఎత్తాలని, వీలైతే తన ఇంటి మురుగు వ్యవస్థలోనే వేయాలని ఢిల్లీ ఘన వ్యర్థాల ఉపనిబంధనల్లో రాసే ఉంది. మన మరుగుదొడ్డి గొట్టం భూగర్భ డ్రైనేజీకో సెప్టిక్ ట్యాంకుకో కలిసి ఉండాలి, అంతే. నేరుగా వీధి కాలవలోకి వదిలే ఇల్లయితే ఈ పని వల్ల లాభం లేదు. నేను కాగితం మీద పట్టి తెచ్చి, మలం మాత్రం జారవిడిచి నీళ్లు కొడతాను. కాగితం ప్రమాదకరమైన చెత్త వేసే రెడ్ డబ్బాలోకి పోతుంది. ఆ కాగితం చాలాసార్లు మీ పత్రికే. చదివాకే లెండి.

'బయో' అని రాసిన ఆకుపచ్చ కవర్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కంపోస్టులో చివికే ప్లాస్టిక్‌కు ఇచ్చే ఐఎస్ 17088 ప్రమాణం ఉన్న కంపోస్టబుల్ కవరైనా పెద్ద కంపోస్టు యార్డులోని వేడికే చివుకుతుంది. గోడ మీద పెడితేనో, గెడ్డలో పడితేనో అదీ మామూలు కవరు లాంటిదే.

పెరడు ఉన్నవాళ్లు మలాన్ని మాగబెట్టే డ్రమ్ము పెట్టుకోవచ్చు. నా మొదటి ప్రయత్నం ఘోరంగా దెబ్బతింది. పల్లంలో గొయ్యి తవ్వాను, వానాకాలం రాగానే అది బావి అయింది. ఆ వాసన గురించి రాయకపోవడమే మంచిది. రెండోసారి అడుగు కోసేసిన పాత ప్లాస్టిక్ డ్రమ్ముకు పక్కల చిల్లులు పెట్టి, మెరకలో, బోరుకు, కూరమడికి బాగా ఎడంగా పాతాను. కింద జానెడు కంకర. రోజూ మలం మీద రెండు దోసిళ్ల రంపపు పొట్టో వరి ఊకో వేసి మూత పెడతాను. వారానికోసారి పుల్ల మజ్జిగలో బెల్లం కలిపి పోస్తాను. ఒకటి నిండితే దాన్ని ఏడాదిపాటు కదపకుండా వదిలేసి రెండోది వాడాలి. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర మంచు బండ్లు లాగే కుక్కల మలాన్ని రంపపు పొట్టుతో కలిపి కంపోస్టు చేసి చూపించారు. అక్కడ డజన్ల కొద్దీ కుక్కలు, పెద్ద కుప్ప, లోపల 60 డిగ్రీల దాకా వేడి. ఒక్క కుక్క ఉన్న ఇంట్లో ఆ వేడి పుట్టదు. అందుకే మా డ్రమ్ములోది ఆకుకూరలకు గానీ వంగ, టమాటాలకు గానీ వేయను. చేతికి తొడుగులు వేసుకుని బోగన్‌విల్లియాకు, గోడవారనున్న గన్నేరుకు వేస్తాను. నందివర్ధనానికి వేస్తానంటే మా అత్తగారు ఒప్పుకోలేదు, అది పూజ పూలచెట్టు.

పిల్లి లెక్క వేరు. మధురవాడలో అపార్టుమెంటులో ఉండే మా చెల్లెలు పిల్లి మలమూత్రాల ట్రేలో పోసే బెంటొనైట్ మట్టి లిట్టర్ కొనేది. అది గనిలోంచి తవ్వి తీసే మట్టి, తడి తగిలితే ఉబ్బి ముద్దవుతుంది. మరుగుదొడ్డిలో పోస్తే గొట్టంలో కూడా అదే పని చేస్తుంది. పైగా పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే రోగక్రిమి ఉండొచ్చు, దాన్ని మురుగులోకి వదలకూడదు. కాలిఫోర్నియాలో పిల్లి లిట్టర్‌ను మరుగుదొడ్డిలోనో కాలవలోనో పోయొద్దని ప్యాకెట్ మీదే రాయాలని 2006లో చట్టం చేశారు. ఆ క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి ట్రే ఏ పూటకాపూట తీయాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని వేరేవాళ్లు చేయాలి. మా చెల్లెలు ఇప్పుడు కొయ్య పొట్టు గుళికలు వాడుతోంది. వాడినవి కాగితంలో చుట్టి రెడ్ డబ్బాలో వేస్తుంది.

ఇక్కడే అసలు చిక్కు. 2021 అక్టోబర్‌లో మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో ఇంటికి మూడు డబ్బాలు వచ్చాయి. తడి చెత్తకు గ్రీన్, పొడి చెత్తకు బ్లూ, ప్రమాదకరమైన వాటికి రెడ్. కుక్కదీ పిల్లిదీ దేంట్లో వేయాలో ఎక్కడా రాయలేదు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లో శానిటరీ వ్యర్థాలంటే డైపర్లు, ప్యాడ్లు అని పేర్లు చెప్పారు, వీటి పేరు చెప్పలేదు. బండి మీద వచ్చే అమ్మాయిని అడిగితే ఒకరోజు గ్రీన్ అంది, మరోరోజు వచ్చినావిడ రెడ్ అంది. వాళ్లను తప్పు పట్టలేం, వాళ్లకు మాత్రం ఎవరు చెప్పారు? గ్రీన్‌లో వేస్తే అది కంపోస్టులో కలిసి ఎవరి పాలకూర మడికో చేరుతుంది. నా లెక్కలో రెడ్‌లోనే వేయాలి.

నగరపాలక సంస్థవాళ్లు కుక్కకు లైసెన్సు ఇచ్చేటప్పుడే ఈ ముక్క రాసి ఒక కాగితం చేతిలో పెట్టొచ్చు. బీచ్‌లో కుక్కలు తిరిగే చోట ఒక చిన్న పార, మూత ఉన్న డబ్బా ఉంచొచ్చు. వీటికి డబ్బులు కావాలంటే, కనీసం చెత్త బండి మైకులో రోజూ వినిపించే తడి చెత్త, పొడి చెత్త పాఠంలో ఇంకో వాక్యం కలపండి. ఆ బండి మా వీధికి ఆరున్నరకు వస్తుంది. కుక్కలున్నవాళ్లమంతా సరిగ్గా ఆ వేళకే వాకింగ్ నుంచి తిరిగొస్తుంటాం, చేతిలో కవరుతో.

ఒక పాఠకురాలు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం