మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది పళ్ళు, చిగుళ్ళ కోసం చేసిన పని

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మురుగు కాలువ పూడికతీత, వీధి దీపాల మరమ్మతు, పార్కులో మొక్కల పని ఎప్పటిలాగే సాగాయి. వాటి వివరాలు జమాఖర్చుల పత్రంలో ఉన్నాయి. ఈ నివేదికలో ఎక్కువ భాగం పళ్ళ గురించే, ఎందుకంటే కార్యవర్గం ఈసారి ఎక్కువ శ్రద్ధ పెట్టింది దానిమీదే.

విజయవాడలోని మన పటమటలో వైద్య శిబిరాలు కొత్త కాదు. బీపీ, షుగర్, కళ్ళ పరీక్షలకు జనం బాగానే వస్తారు. పళ్ళ విషయంలో మాత్రం దవడ వాచి, రాత్రంతా నిద్ర పట్టకపోతే తప్ప డాక్టరు గడప తొక్కం. అప్పటికి పుచ్చు లోపలి నరం దాకా పోయి ఉంటుంది. రూట్ కెనాల్ చేయించుకోవాలి, లేదా పీకించుకోవాలి. అదే మొదట్లో చూపిస్తే చిన్న ఫిల్లింగ్‌తో పోయేది. అందుకే ఈసారి కరపత్రంలో ‘నొప్పి లేనివాళ్ళు కూడా తప్పక రండి’ అని పెద్ద అక్షరాలతో వేయించాం.

కమ్యూనిటీ హాల్లో పిల్లల శిబిరం జరిగింది. వచ్చిన దంతవైద్యులు ముందుగా పిల్లల చేత గులాబీ రంగు మాత్ర నమిలించారు. పంటిమీద పాచి ఎక్కడుంటే అక్కడ ఆ రంగు పట్టుకుంటుంది. పొద్దున్నే శుభ్రంగా తోముకుని వచ్చిన పిల్లలే అందరూ. అద్దంలో చూసుకుంటే ముందు పళ్ళు తెల్లగానే ఉన్నాయి గానీ, చిగురు అంచు వెంట, కింది పళ్ళ లోపలివైపు, దవడ పళ్ళ గుంటల్లో గులాబీ గీతలు. ఒక పాప అద్దం పట్టుకుని ఆ గీత పోయేదాకా బ్రష్ దించలేదు. ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా అంత బాగా ఎక్కదని అక్కడున్న పెద్దలందరికీ అనిపించింది.

తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. ఆరేళ్ళ వయసు దగ్గర చివరి పాల పన్ను వెనకాల ఒక దవడ పన్ను వస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి చాలామంది దాన్నీ పాల పన్నే అనుకుంటారు. అది శాశ్వత దంతం. పోతే మళ్ళీ రాదు. గుంటలు లోతుగా ఉండటం వల్ల ముందుగా పుచ్చేది కూడా అదే. ఆ గుంటలు పూడ్చే సీలెంట్ పూత సూది, డ్రిల్లింగ్ లేకుండానే వేస్తారు. ఆరు, ఏడేళ్ళ పిల్లలున్న ఇళ్ళవాళ్ళు దయచేసి ఒకసారి నోరు తెరిపించి చూడండి.

‘ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా’ అని పాల పళ్ళను వదిలేయడం కూడా సరికాదు. వెనక పాల పళ్ళు 10-12 ఏళ్ళ దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్ళు జరిగి, కొత్త పళ్ళు వంకరగా వస్తాయి. రాత్రిపూట నోట్లో పాల సీసా పెట్టి నిద్రపుచ్చే అలవాటుంటే మానిపించండి.

తీపి గురించి చాలా ప్రశ్నలు వచ్చాయి. సంక్రాంతికి అరిసెలు తినొద్దని ఎవరూ అనరు. ఎంత తిన్నామన్నదానికన్నా రోజుకు ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి, అది అరగంట దాకా పంటి పైపొరను కరిగిస్తూనే ఉంటుంది. భోజనంతో పాటే తిని నీళ్ళు పుక్కిలిస్తే నష్టం తక్కువ. ఈ ఆగస్టు 15న జెండా వందనం తర్వాత చాక్లెట్లకు బదులు జామకాయలు పంచాం. పిల్లలు ఇష్టంగానే తిన్నారు.

రోజూ రెండుసార్లు, ముఖ్యంగా పడుకోబోయే ముందు, ఫ్లోరైడ్ పేస్టుతో తోమాలి. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు. ఏడెనిమిదేళ్ళ దాకా పెద్దవాళ్ళే దగ్గరుండి తోమించాలి. కనిగిరి, నల్గొండ వైపు మచ్చల పళ్ళు చూసినవాళ్ళు కొందరు ఫ్లోరైడ్ పేరు వింటేనే భయపడ్డారు. అక్కడి బాధ చిన్నప్పటినుంచీ తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి మించడం వల్ల వచ్చింది. తోముకుని ఉమ్మేసే పేస్టు వల్ల ఆ ప్రమాదం లేదు, పైగా పన్ను గట్టిపడుతుంది.

పెద్దల శిబిరంలో ఎక్కువగా విన్న మాట ‘క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి’. దీన్ని గట్టిగా ఖండించాలి. పన్ను వదులయ్యేది గార వల్ల. పాచి గట్టిపడి గార అవుతుంది, అది చిగురును, కింద ఎముకను మెల్లగా తినేస్తుంది. అన్నాళ్ళూ సందుల్లో అతుక్కున్న గార తీసేయగానే ఖాళీ తెలుస్తుంది, చల్లనీళ్ళు తగిలితే కొన్ని రోజులు జివ్వుమంటుంది. అంతే. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని తోమడం మానేస్తే వాపు ఇంకా పెరుగుతుంది. మెత్తటి బ్రష్‌తో చిగురు అంచు దాకా తోమాలి, డాక్టరుకు చూపించాలి. షుగర్ ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. షుగర్ ఎక్కువైతే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళు చెడితే షుగర్ అదుపు తప్పుతుంది. కట్టుడు పళ్ళున్న మామ్మగార్లు, తాతగార్లు రాత్రి వాటిని తీసి, కడిగి, నీళ్ళలో ఉంచాలి.

ఆటోనగర్ షెడ్లలో పనిచేసే కుర్రవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. డాక్టరుగారు వాళ్ళను మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకోమన్నారు. ఒకబ్బాయికి రెండో వేలు కూడా సరిగా దూరలేదు. గుట్కా, వక్కల వల్ల బుగ్గల లోపల చర్మం గట్టిపడి బిగుసుకుపోయింది. కారం తగిలితే మంట, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం దీని లక్షణాలు. కేన్సర్‌గా మారే ప్రమాదం కూడా ఉంది. అతణ్ణి, ప్రైవేటు ఖర్చు భరించలేని మరికొందరిని మన ఊళ్ళోనే ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి పంపాం. కాలనీలోని కిళ్ళీ కొట్లవాళ్ళతో గుట్కా అమ్మొద్దని మాట్లాడాం. కొందరే ఒప్పుకున్నారు. మిగతావాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళడానికి సభ్యుల్లో పెద్దవాళ్ళు తోడు రావాలి.

వచ్చే ఏడాది ఆరు, ఏడేళ్ళ పిల్లలకు సీలెంట్లు వేయించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సగం ఖర్చు సంఘం నిధి నుంచి, సగం తల్లిదండ్రుల నుంచి అనుకుంటున్నాం. కట్టలేని కుటుంబాల వాటా కూడా సంఘమే భరించాలని నా అభిప్రాయం. సర్వసభ్య సమావేశంలో ఇది చర్చకు వస్తుంది, అందరూ హాజరై అభిప్రాయం చెప్పగలరు.

కార్యదర్శి,
కార్యవర్గం తరఫున