పుక్కిలిస్తే పోయేది వాసనే

సంపాదకులకు నమస్కారం.

దంత వైద్యుల దగ్గరికి వచ్చే పొగరాయుళ్లు, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల ఇంటివాళ్లు, తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఏదో మందు నోట్లో పోసుకుని పుక్కిలిస్తే సిగరెట్ మీద విరక్తి పుడుతుందట, నిజమేనా?’ అని. పొగాకు మాన్పించే పనిలో ఉన్నవాళ్లంగా దీనికి కాస్త వివరంగా జవాబు చెప్పాలనిపించింది. ఆ విరక్తి మాట అబద్ధం కాదు. కానీ దాన్ని నమ్ముకుని సిగరెట్ మానాలనుకునేవాళ్లు నెల తిరక్కుండానే మళ్లీ కిళ్లీ కొట్టు దగ్గర నిలబడతారు.

విరక్తి పుట్టించడానికి ఎప్పటినుంచో వాడుతున్నవి వెండి లవణాలు. సిల్వర్ నైట్రేట్‌ను పుక్కిలింతగా, సిల్వర్ అసిటేట్‌ను చూయింగ్ గమ్‌గా, చప్పరించే బిళ్లగా తయారుచేశారు. ఇవి నోటిపొర మీద ఉన్నంతసేపు, పొగ తగలగానే తుప్పుపట్టిన ఇనుము నాకినట్టు ఒక వెగటు రుచి వస్తుంది. రెండు దమ్ములకే సిగరెట్ పారేయాలనిపిస్తుంది. మందు చేసే పని అంతవరకే. పొగ పీల్చిన 10–20 సెకన్లలో నికోటిన్ ఊపిరితిత్తుల నుంచి మెదడుకు చేరుతుంది. రక్తంలో దాని మోతాదు సుమారు 2 గంటల్లో సగానికి పడిపోతుంది, అప్పుడు మెదడు మళ్లీ అడుగుతుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం అన్నీ అక్కడినుంచి పుట్టేవే. నాలుక మీద రుచిని చెడగొట్టే మందు మెదడు దాకా పోదు. అందుకే సిగరెట్ తలపు బలంగా వచ్చిన రోజున మనిషి ముందుగా మానేది సిగరెట్‌ను కాదు, పుక్కిలించడాన్ని.

సిల్వర్ అసిటేట్ మీద జరిగిన ప్రయోగాలను, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష పరిశీలించింది. 6 నెలలు, అంతకు మించి మానగలిగినవాళ్ల లెక్క తీస్తే చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1993లోనే, డాక్టరు చీటీ లేకుండా అమ్మే సిగరెట్ మాన్పుడు మందుల్లో ఈ లవణాలు పనికిరావని తేల్చి, ఆ పేరుతో అమ్మడాన్ని ఆపించింది. ఆ ఉత్తర్వులో వెండి ఒక్కటే లేదు. లవంగం, ధనియాలు, అల్లం, నీలగిరి తైలం, అతిమధురం, మెంథాల్, థైమాల్ కూడా ఉన్నాయి. మనం మూలికా పుక్కిలింత సీసాల మీద చదివే పేర్లు చాలావరకు ఇవే. ఇవి హానికరమని ఆ మాటకు అర్థం కాదు. నోటికి హాయిగానే ఉంటాయి. సిగరెట్ మాన్పిస్తాయనడానికి మాత్రం రుజువు లేదు. థాయ్‌లాండ్‌లో సోడియం నైట్రేట్ 0.5 శాతం పుక్కిలింత వాడుకలో ఉంది, అది కూడా పొగ రుచిని మార్చేదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో పెద్దల కోసం ఇచ్చిన చికిత్స మార్గదర్శకాలు సిఫారసు చేసిన మందులు నాలుగు: నికోటిన్‌నే అందించే గమ్, ప్యాచ్ వంటివి (ఇవన్నీ కలిపి ఒకటి), వారెనిక్లిన్, బుప్రోపియాన్, సైటిసిన్. వాటిలో పుక్కిలింత మందు లేదు.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. సిల్వర్ నైట్రేట్ పొడి ఎక్కడో సంపాదించి ఇంట్లో కలుపుకోవాలని ఎవరూ అనుకోవద్దు. గాఢత ఏమాత్రం పెరిగినా అది నోటిపొరను కాలుస్తుంది, తగిలిన చోటల్లా నల్లగా మరకపడుతుంది. తక్కువ గాఢతలోనే అయినా నెలల తరబడి వెండి లవణాలు ఒంట్లో చేరితే చర్మం, చిగుళ్లు బూడిద నీలం రంగుకు మారతాయి. ఆర్గిరియా అనే ఆ రంగు మళ్లీ పోదు.

ఇంకో పొరపాటు మందుల షాపు నుంచే మొదలవుతుంది. ‘పొగ తాగేవాళ్లకు మౌత్‌వాష్ ఇవ్వండి’ అని అడిగితే చేతిలో పెట్టేది చాలాసార్లు క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం. అది చిగుళ్ల వాపుకు మంచి మందు: 10 మి.లీ., రోజుకు రెండుసార్లు, అర నిమిషం నుంచి నిమిషం దాకా, మామూలుగా రెండు వారాలకు మించకుండా. దానితో రుచి మొద్దుబారుతుంది. ఆ మొద్దుదనాన్ని ‘సిగరెట్ మీద ఇష్టం పోతోంది’ అని అనుకుని నెలల కొద్దీ వాడేవాళ్లుంటారు. పైగా టీ, కాఫీ, పొగ తోడైతే పళ్ల మీద గోధుమరంగు మరక గట్టిగా పట్టేస్తుంది. పళ్లు తోముకున్న వెంటనే దీన్ని వాడితే టూత్‌పేస్టు నురగ మందు బలాన్ని తగ్గిస్తుంది, కనీసం అరగంట ఎడం ఉండాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌లు కూడా పొగతో ఇప్పటికే ఎండిపోయిన నోటిని మరింత ఎండగొడతాయి. లవంగ నూనె చుక్క నేరుగా నాలుక మీద వేసుకుంటే పొర పొక్కుతుంది.

మరి పుక్కిలింతకు అసలు చోటే లేదా? ఉంది, చిన్న చోటు. సిగరెట్ కావాలనే తలపు ఒక్కోసారి 3 నుంచి 5 నిమిషాలకు మించి బలంగా నిలవదు. ఆ కాసేపు నోటికీ చేతికీ పని కల్పిస్తే కెరటం దాటిపోతుంది. దానికి ఖరీదైన సీసా అక్కర్లేదు. 200–250 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు, కావాలంటే అర టీస్పూన్ వంట సోడా. ఒక గుక్క తీసుకుని అర నిమిషం బుగ్గల్లో తిప్పి ఉమ్మేయాలి, అలా గ్లాసు ఖాళీ అయ్యేదాకా. ఉప్పు ఎక్కువైతే మంట పుడుతుంది. మింగకూడదు, రక్తపోటు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. పళ్లు తోముకోవడం కూడా ఇంతే పని చేస్తుంది. శుభ్రంగా, చల్లగా ఉన్న నోట్లో మళ్లీ పొగ పెట్టాలనిపించదు. టీ కొట్టు దగ్గర టీతోపాటు సిగరెట్ అలవాటైనవాళ్లకు అన్నింటికంటే ఎక్కువగా పనికొచ్చేది మామూలు నీళ్లతో పుక్కిలించడమే. ఎందుకో చెప్పడానికి నికోటిన్ గమ్ దగ్గరికి రావాలి.

గమ్‌లోని నికోటిన్ బుగ్గ లోపలి పొర గుండా రక్తంలోకి వెళ్లాలి. నోట్లో పులుపు ఉంటే అది ఇంకదు, క్షారం ఉంటే ఇంకుతుంది. ఖైనీలో సున్నం కలిపి నలిపేది అందుకే. తాతల నాటి ఆ అలవాటు వెనక ఉన్న రసాయనం అదే. కాఫీ, కూల్‌డ్రింక్, నిమ్మరసం తాగిన వెంటనే గమ్ వేసుకుంటే నికోటిన్ ఉమ్ములో కలిసి కడుపులోకి పోతుంది. ఫలితం ఎక్కిళ్లు, గుండెల్లో మంట. మెదడుకు అందేది తక్కువ. ‘గమ్ నాకు పడలేదు’ అనే మాట వెనక చాలాసార్లు ఇదే కారణం ఉంటుంది. టీ తాగాక నీళ్లతో నోరు పుక్కిలించి, 15 నిమిషాలు ఆగి, అప్పుడు గమ్ వేసుకోవాలి. గమ్ నోట్లో ఉన్నంతసేపు మాత్రం ఏదీ తాగకూడదు, పుక్కిలించకూడదు.

నమలడంలోనూ తప్పు జరుగుతుంది. మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే మందంతా ఒక్కసారే ఉమ్ములోకి దిగిపోతుంది. నిదానంగా నమిలి, మిరియం ఘాటులాంటిది తగలగానే ఆపాలి. చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ కాస్త నమిలి, ఈసారి రెండో వైపు పెట్టాలి. ఒక్కో గమ్ అరగంట. మొదటి 6 వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, అంటే రోజుకు కనీసం 9. తర్వాతి 3 వారాలు 2–4 గంటలకొకటి. చివరి 3 వారాలు 4–8 గంటలకొకటి. ఏ రోజూ 24 దాటకూడదు. రోజుకు ఒకటో రెండో నమిలి ‘పనిచేయలేదు’ అని వదిలేసేవాళ్లే ఎక్కువ. నిద్రలేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకు 2 మి.గ్రా. చాలదు. 4 మి.గ్రా. గురించి డాక్టర్ని అడగాలి. కట్టుడు పళ్లకు గమ్ అతుక్కుంటుంది, వాళ్లకు ప్యాచ్ మేలు. మన ఊరి ఉక్కపోతకు ప్యాచ్ ఊడిపోతుందని ఫిర్యాదు. స్నానం చేశాక ఒళ్లు బాగా ఆరనిచ్చి, వెంట్రుకలు లేని చోట భుజం మీద పెట్టి, అరచేత్తో 10 సెకన్లు అదిమితే నిలుస్తుంది. రోజూ చోటు మార్చాలి. ప్యాచ్, గమ్ రెండూ కలిపి వాడినవాళ్లు ఒక్కటే వాడినవాళ్లకంటే ఎక్కువగా మానగలుగుతున్నారని పరిశోధనలు చెబుతున్నాయి. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగే మొదలుపెట్టాలి.

ఇంతవరకు చెప్పింది ప్రధానంగా సిగరెట్ గురించి. చుట్ట లెక్క వేరు. సిగరెట్‌లో పోసే వర్జీనియా పొగాకు పొగకు ఆమ్లగుణం. నోట్లో పెద్దగా ఇంకదు, లోపలికి పీల్చాల్సిందే. చుట్ట పొగకు క్షారగుణం. ‘నేను పొగ మింగను’ అనే పెద్దాయనకు కూడా నోటిపొర నుంచే నికోటిన్ ఎక్కుతుంది. అందుకని చుట్ట తాగేవాళ్ల అలవాటును చులకనగా చూడకూడదు.

ఉత్తరాంధ్రలో పుక్కిలింత గురించి మాట్లాడుతూ అడ్డపొగను వదిలేయలేం. విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో, పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, చుట్ట చాలాసేపు వస్తుంది. ఆ వేడి, పొగ రెండూ తిన్నగా అంగిలికి తగులుతాయి. ప్రపంచంలో మిగతాచోట్ల గట్టి అంగిలి క్యాన్సర్ అరుదు, మన దగ్గర కాదు. పరిశోధకులు వి.ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయి 1945లోనే దీని గురించి రాశారు. ఆ తర్వాత ఆంధ్రా మెడికల్ కాలేజీ వైద్యులు కూడా అధ్యయనం చేశారు. అంగిలి ముందు తెల్లగా, మందంగా తయారవుతుంది. దాని మీద చిన్న ఎర్రచుక్కలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల రంగు పోతుంది, కొన్నిచోట్ల నల్లబడుతుంది. ఎర్రటి మచ్చ, మానని పుండు వచ్చాయంటే ప్రమాదం దగ్గరికొచ్చినట్టు. ఆ దశలో నొప్పి ఉండకపోవచ్చు.

ఇక్కడ పుక్కిలింత మందు మేలు చేయకపోగా కీడు చేయొచ్చు. మంటను చల్లార్చి, వాసన పోగొట్టి, ‘తగ్గింది’ అనిపిస్తుంది. మొద్దుబార్చే జెల్‌లు అయితే మరీనూ. రెండు వారాలకు మానని పుండు, గీకినా పోని తెలుపు, చేతికి తగిలే గట్టిదనం ఏది కనబడినా పుక్కిలించడం ఆపి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికో (కేజీహెచ్), ఏదైనా దంత కళాశాలకో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లాలి. ముక్క పరీక్ష (బయాప్సీ) అంటే భయపడక్కర్లేదు. చోటు మొద్దుబార్చి చిన్న ముక్క తీస్తారు, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు.

ఇక మా విన్నపాలు. ‘పుక్కిలిస్తే మానేస్తారు’ అనే ప్రకటన వస్తే, అందులో ఏ మందు ఎంత శాతం ఉందో రాయనిదే పత్రికలు అచ్చువేయవద్దు. మందుల షాపులవాళ్లు నికోటిన్ గమ్ అమ్మేటప్పుడు మూడు మాటలు చెబితే చాలు: పులుపు, టీ, కాఫీ అయ్యాక 15 నిమిషాలు ఆగండి, నమిలి ఆపండి, ఉమ్ము మింగేయకండి. సిగరెట్ పెట్టె మీదే అచ్చయి ఉండే 1800-11-2356 నంబరు ఉచితం. మానాలనుకున్నవాళ్లకు వారాల తరబడి ఫోన్‌లో తోడుంటారు. ఆ నంబరును మీ పత్రికలో ఒక మూల రోజూ వేస్తే డబ్బు ఖర్చు లేని సాయం.

ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలకు ఒక సూచన. మత్స్యకార పల్లెల్లో ‘సిగరెట్ తాగుతారా అమ్మా?’ అని అడిగితే అడ్డపొగ తాగే ఆమె ‘లేదు’ అంటుంది, అది నిజమే కూడా. ‘చుట్ట తాగుతారా, అడ్డపొగేనా, రోజుకెన్ని?’ అని అడగాలి. తర్వాత నోరు తెరవమని, తల వెనక్కి వాల్చమని, టార్చి వేసి అంగిలి చూడాలి. ఒక నిమిషం పని. కట్టుడు పళ్లు ఉంటే ముందు తీయించాలి. మచ్చ వాటి కింద దాగి ఉండొచ్చు.

– పొగాకు మాన్పించే పనిలో ఉన్న దంత వైద్యులు,
విశాఖపట్నం