సంక్రాంతికి కాదు, రోహిణి కార్తెలో వచ్చి చూడాలి

సంపాదకులకు,

చలిదేశాల్లో స్థిరపడిన మన పిల్లలు కొందరు, ఏటా ఆ మంచును తవ్వుకుంటూ బతకడం ఇక తమ వల్ల కాదని, కుటుంబాలతో సహా కోనసీమకు వచ్చేయాలని ఆలోచిస్తున్నారు. షికాగోలో ఉంటున్న మా అబ్బాయి కూడా, పెద్ద పండుగకు వచ్చి వెళ్లినప్పటి నుంచి అదే మాట మీద ఉన్నాడు. కన్నబిడ్డలు తిరిగి వస్తామంటే వద్దనే తల్లిదండ్రులు ఉండరు. అయినా జనవరి ఎండను చూసి ఇంత పెద్ద నిర్ణయం తీసుకోవడం సబబు కాదు.

డెల్టా వేసవి తీవ్రత ఉష్ణోగ్రత అంకె ఒక్కదానితో తెలియదు. చెమట ఆరితే గాని ఒళ్లు చల్లబడదు. సముద్రపు గాలిలోని తేమ దాన్ని ఆరనివ్వదు కనుక, పొడి ప్రాంతాల్లో 40 డిగ్రీలను ఓర్చుకున్నవారు సైతం ఇక్కడ 36 డిగ్రీలకే నీరసించిపోవచ్చు. అర్ధరాత్రి కరెంటు పోయిందంటే దిండు గలేబు తడిసి మెడకు అంటుకుంటుంది. కాలువలు కట్టేసే రోజులూ అవే. చాలా ఊళ్లకు చెరువులో నిల్వ నీరే దిక్కు.

ఇక ఇల్లు కొనేవారు, లంక గ్రామమైతే 1986 వరదలో నీరు ఎంత ఎత్తున నిలిచిందో, తీరానికి దగ్గరైతే 1996 నవంబరు తుపానులో ఏమి మిగిలిందో ఇరుగుపొరుగును అడగాలి. బడులు, ఉద్యోగాల సంగతి ఎలాగూ విచారిస్తారు. ముందుగా మే నెలలో అద్దె ఇంట్లో, వీలైతే ఏసీ లేకుండా, కొన్నాళ్లు ఉండి చూడాలి.

మీ పత్రిక ప్రచురించే ఉష్ణోగ్రతల పక్కనే గాలిలో తేమ శాతాన్ని కూడా ఇవ్వవలసిందిగా మనవి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం