చందా కడితే ఏమొస్తుంది?

సంపాదకుడు గారికి,

రాయదుర్గం జీన్స్ గురించి పత్రికల్లో అప్పుడప్పుడు గొప్పగా రాస్తారు. కుట్టేవాళ్ల గురించి తక్కువ. పీసు లెక్కన కూలి. జ్వరమొచ్చి పడుకుంటే ఆ రోజు పైసా లేదు. సంఘం పెడదామంటే "నెలనెలా చందా కడితే ఏమొస్తుంది?" అని మావాళ్లే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు అమెరికా కుట్టు కార్మికుల కథలో ఉంది.

న్యూయార్క్‌లో ఆడవాళ్ల దుస్తులు కుట్టేవారి సంఘం 1900లో పుట్టింది. 1909లో వేలమంది అమ్మాయిలు సమ్మెకు దిగారు. 1911 మార్చి 25న అక్కడి ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. ఒక తలుపుకు తాళం వేసి ఉంది. మొత్తం 146 మంది చనిపోయారు. ఆ సంఘం కూలి రేట్ల దగ్గరే ఆగలేదు. తర్వాత కొన్నేళ్లకే ఆరోగ్య కేంద్రం మొదలుపెట్టింది. పెన్సిల్వేనియా కొండల్లో సభ్యులకు సెలవుల విడిది కూడా నడిపింది (మనకది విడ్డూరమే!). మగవారి దుస్తులు కుట్టేవారి సంఘమైతే 1923లో ఏకంగా బ్యాంకే పెట్టింది. ఆ అమాల్గమేటెడ్ బ్యాంక్ ఇప్పటికీ ఉంది. వారం వడ్డీలకు నలిగేవాళ్లకు ఆ విలువ వేరే చెప్పాలా?

మనకు ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉంది. కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం, యజమానిది 3.25. జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం వస్తుంది. అయితే పేరు రికార్డులో ఉండాలి. ఇంటికి పీసులు తెచ్చుకుని కుట్టే ఆడవాళ్ల పేర్లు ఎవరు రాస్తారు? మేడే నాడు జెండా ఎగరేసే నాయకులు, కార్మిక శాఖ అధికారులు ముందు ఆ పని చూడాలి.

– ఒక కుట్టు కార్మికుడు, రాయదుర్గం, అనంతపురం జిల్లా