మిడ్‌సైజ్ ఎస్‌యూవీకి ప్లౌ బిగించమని అడుగుతున్న మా కస్టమర్లకు

అందరికీ నమస్కారం. డెట్రాయిట్ చుట్టుపక్కల అక్టోబర్ వచ్చిందంటే మా షాపుకి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పోయిన చలికాలం మా పక్కింటాయన బండికి మంచు తోసే ప్లౌ పెట్టావు కదా, నా బండికీ పెట్టు." ఈసారి అలా అడిగిన చాలామందికి కుదరదన్నాను. కొందరు నొచ్చుకున్నారు. ఫోన్లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే, పోయిన జనవరిలో ఏం జరిగిందో అందరికీ ఒకేసారి చెప్పడం మంచిదనిపించింది.

కాంటన్‌లో ఉండే ఒక కస్టమర్ మూడు వరసల సీట్లున్న ఎస్‌యూవీ తెచ్చారు. వాళ్ల డ్రైవ్‌వే బాగా పొడవు. భార్యకి హాస్పిటల్లో నైట్ డ్యూటీ, ఆవిడ బండి లోపలికి రావాలంటే తెల్లారేసరికి మంచు తీసి ఉండాలి. నడుం నొప్పితో పార పట్టలేకపోతున్నానన్నారు. ఆ బండికి సరిపోయే మౌంట్, అంటే ప్లౌని బండికి పట్టి ఉంచే చట్రం, ఏ ప్లౌ కంపెనీ జాబితాలోనూ నాకు దొరకలేదు. అక్కడే ఆగిపోవాల్సింది. ఆగలేదు. ఇనుప పలక కోసి, బ్రాకెట్ వెల్డింగ్ చేసి, కింద సబ్‌ఫ్రేమ్‌కి, అంటే ఇంజన్నీ ముందు చక్రాల భాగాల్నీ మోసే చట్రానికి, నేనే బిగించాను. విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పని నేర్చుకున్నవాణ్ణి, నా వెల్డింగ్ మీద నాకు నమ్మకం.

మూడు వారాలకి ఆయన తిరిగొచ్చారు. స్టీరింగ్ ఎడమకి లాగుతోందన్నారు. లిఫ్ట్ ఎక్కించి లైట్ వేసి చూశాను. నా వెల్డింగ్ చెక్కుచెదరలేదు. దాని పక్కనే, సబ్‌ఫ్రేమ్ రేకు మీద, వెంట్రుకంత సన్నటి గీత కనిపించింది. రెండంచులా, ఐసు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది, మధ్యలో తుప్పు తేలింది. గోటితో గీస్తే గోరు అందులో దిగింది. బోల్టు రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయింది. ముందు టైర్లు రెండూ లోపలి అంచున అరిగిపోయాయి. ఆ బండిలోనే ఆయన రోజూ పిల్లల్ని స్కూల్లో దింపుతున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ప్లౌ తీసేశాం. కొత్త సబ్‌ఫ్రేమ్, టైర్లు, అలైన్‌మెంట్ అన్నీ మా ఖర్చుతోనే చేసి, తీసుకున్న డబ్బు మొత్తం వెనక్కిచ్చాం. తప్పు బండిది కాదు, ప్లౌది కాదు, నాది.

లారీకి కింద నిచ్చెనలా ఛాసిస్ ఉంటుంది, బాడీ దానిమీద కూర్చుంటుంది. టయోటా ఫోర్‌రన్నర్, జీప్ రాంగ్లర్ కూడా అలా కట్టినవే. హోండా పైలట్, టయోటా హైలాండర్ లాంటివి యూనిబాడీ, అంటే ఛాసిస్ వేరుగా ఉండదు, బాడీయే ఛాసిస్. ముందుభాగం గుద్దుకున్నప్పుడు నలిగిపోయి లోపలివాళ్లని కాపాడేలా చేస్తారు. నలగడానికే చేసిన చోట నేను ప్లౌ వేలాడదీశాను. గడ్డకట్టిన మంచుకి కొట్టుకున్న ప్రతిసారీ దెబ్బ అక్కడే తగిలింది.

ఇక ప్లౌ బరువు సంగతి. "350 పౌండ్లే కదా, ఇద్దరు మనుషులు ముందు సీట్లో కూర్చున్నట్టే కదా" అని అడుగుతారు. కాదండీ. ఆ బరువు ముందు చక్రాలకి ఇంకా ముందు వేలాడుతుంది. ఏతం చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది: ఒక కొస దిగితే రెండో కొస లేస్తుంది. బండి రెండు యాక్సిళ్ల (చక్రాల ఇరుసుల) మధ్య దూరం 9 అడుగులు, ప్లౌ ముందు యాక్సిల్‌కి 4 అడుగుల ముందు ఉందనుకోండి. ముందు యాక్సిల్ మీద పడేది 350 కాదు, 500 పౌండ్ల పైనే. వెనక యాక్సిల్ మీంచి 150 పౌండ్లకి పైగా తేలిపోతుంది. వెనక చక్రాలకి పట్టు తగ్గుతుంది, అదీ ఐసు మీద. డిక్కీలో బాగా వెనక్కి ఇసుక బస్తాలు వేస్తే కొంత సర్దుకుంటుంది కానీ, ఆ బస్తాల బరువు కూడా బండి మొత్తం మోయగలిగే లెక్కలోకే వస్తుంది.

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది. అందులో "జీఏడబ్ల్యూఆర్ ఫ్రంట్" అని రాసి ఉన్న అంకె ముందు యాక్సిల్ మోయగలిగిన హద్దు. ప్లౌ బిగించి, మనుషులు ఎక్కాక కూడా బరువు ఆ అంకె దాటకూడదు. నేను ఈ పని పట్టుకున్న కొత్తలో ఆ స్టిక్కర్ చూసేవాణ్ణి కాదు. ఇప్పుడు ముందు దాని ఫోటో పంపమంటున్నాను.

ఇంకొన్ని చిక్కులున్నాయి. ప్లౌ పైకెత్తి హైవే మీద వెళ్తే రేడియేటర్‌కి గాలి ఆడదు, హెడ్‌లైట్లకి అడ్డం వస్తుంది. కొత్త బళ్లలో ముందు వెళ్లే బండి దూరం చూసుకునే క్రూజ్ కంట్రోల్ రాడార్ చాలావాటికి ముందు గ్రిల్ దగ్గరే ఉంటుంది, ప్లౌ దాని కళ్లు మూసేస్తుంది. వారంటీ గురించి టెన్షన్ పడేవాళ్లకి: 1975 నాటి ఫెడరల్ వారంటీ చట్టం ప్రకారం, బయటి పార్టు పెట్టినంత మాత్రాన వారంటీ మొత్తం పోదు. కానీ ఆ పార్టు వల్లే పాడైందని తేలితే ఆ రిపేరు ఖర్చు మీదే. డబ్బు తీసుకుని పక్కిళ్లకి మంచు తోస్తే మీ ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో ఏజెంట్‌ని ముందే అడగండి. మన మంచుని రోడ్డు మీదికి నెట్టడం మిషిగన్‌లో చట్టవిరుద్ధం, ఎదుటివాళ్ల వైపు తోసేయకండి.

ఈ చలికాలం నుంచి యూనిబాడీ బళ్లకి మేం ప్లౌ బిగించం. ఛాసిస్ వేరుగా ఉన్న బళ్లకైనా, మీ మోడల్, మీ సంవత్సరం ప్లౌ కంపెనీ జాబితాలో ఉంటేనే, వాళ్ల మౌంట్‌తోనే బిగిస్తాం. బిగించాక ట్రక్ స్టాప్‌లో కాటాకి తీసుకెళ్లి, యాక్సిల్ బరువులు విడివిడిగా తూయించి ఆ చీటీ మీ చేతికిస్తాం. మామూలు రెండు కార్ల డ్రైవ్‌వే ఉన్నవాళ్లు టూ స్టేజ్ స్నో బ్లోయర్, అంటే మంచుని లోపలికి లాక్కుని దూరంగా చిమ్మే మెషిన్, కొనుక్కోండి. నాకు వ్యాపారం పోయినా ఇదే చెప్తాను.

ఆ కాంటన్ బండి కాక, ఇంతకుముందు నా చేత బిగించుకున్న ఆరు బళ్లలో యూనిబాడీవి రెండున్నాయి. ఆ ఇద్దరికీ ఫోన్ చేశాను, ఒకరు ఇంకా ఎత్తలేదు. ఇది చదివితే దయచేసి ఆ బండి రోడ్డు మీదికి తీయకండి. ఫోన్ చేస్తే నేనే ట్రైలర్ తీసుకుని మీ ఇంటికి వస్తాను. మిగతా నలుగురూ నవంబర్ ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ లోపు ఏ శనివారమైనా రండి, కింద మౌంట్ అంతా విప్పి చూస్తాను, డబ్బులేం వద్దు.