నెల్లూరు ఆటోనగర్ ఏసీ మెకానిక్ అన్నకు, మా అమ్మ తరఫున

రాత్రి పదకొండు దాటింది. అమ్మ పడుకుంది. ఒళ్లంతా పులిసిపోయి ఉంది, అయినా ఇది రాయకుండా నాకు నిద్రపట్టేట్టు లేదు.

మాది కావలి. అమ్మకు వారానికి మూడుసార్లు నెల్లూరులో డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు. రానూపోనూ దగ్గర దగ్గర 110 కిలోమీటర్లు. పెట్రోలు పోయించలేకే పోయినేడాది అప్పు చేసి ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం. డయాలసిస్ మనిషికి నీళ్లు కొలతగా ఇవ్వాలి. అమ్మకు డాక్టరుగారు చెప్పింది రోజుకు లీటరు, టీ, మజ్జిగ, చారు అన్నీ కలుపుకొని. ఈ రోహిణి కార్తె ఎండల్లో కారులో చల్లదనం లేకపోతే నాలుక పిడచగట్టుకుపోతుంది. తాగిందా, కాళ్లు ఉబ్బి ఆయాసం. ఏసీ మాకు సోకు కాదని చెప్పడానికే ఇదంతా.

ఏప్రిల్ నుంచి చల్లదనం తగ్గుతూ వచ్చింది. తెల్లారి ఐదింటికి బయల్దేరేటప్పుడు పర్వాలేదు. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు, అందులోనూ ఫాస్ట్ చార్జర్ దగ్గర చార్జింగ్ పెట్టుకుని ఎక్కితే, గాలి వస్తుంది గానీ చల్లగా ఉండదు. కంపెనీ సర్వీస్ సెంటర్లో రెండుసార్లు గ్యాస్ నింపారు. రెండుసార్లూ ఇరవై రోజులకే మళ్లీ మామూలే. మూడోసారి పోతే కంప్రెసర్ పోయింది, 82 వేలవుతుంది, రావడానికి నెల పడుతుంది అన్నారు. ఎంత గ్యాస్ తీశారు, ఎంత పోశారు, ఎక్కడ కారుతోందో చూశారా అని అడిగితే ఒక్కదానికీ జవాబు లేదు. ఈ కార్ల ఏసీ తెలిసినవాళ్లు చెన్నై నుంచి రావాలంట. జిల్లాలో ఇన్ని కార్లు అమ్ముతున్నప్పుడు ఒక్క మనిషికైనా పని నేర్పించి కూర్చోబెట్టాలి కదా? అమ్మను పక్కన పెట్టుకుని ఆ కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు నాకు ఏడుపొక్కటే తక్కువ.

మంగళవారం డయాలసిస్ అయ్యాక ఆస్పత్రి బయట టీ అంగడాయన చెప్తే ఆటోనగర్‌లో ఈ అన్న షెడ్డుకు పోయాం. ఆయన చేసేది రొయ్యల వ్యాన్ల ఏసీ పని. రేకుల షెడ్డు, లోపల నలుగురు పిల్లోళ్లు. గ్యాస్ నింపండన్నా, ఇంటికి చేరితే చాలు అన్నాను. "గ్యాస్ నేనూ కొడతా అబ్బయ్యా. కారేది యాడో చూడకుండా కొడితే నీ డబ్బు గాలికి పోసినట్టే" అన్నాడు.

బానెట్ కింద స్టిక్కర్ చదివాడు. 134ఏ గ్యాస్, 550 గ్రాములు. గేజీ ముల్లు చూసి లోపల ఎంతుందో చెప్పలేమని, ఉన్నదంతా మిషన్లోకి తీసి తూకం వేశాడు. 290 గ్రాములే ఉంది. తర్వాత నైట్రోజన్ ఎక్కించి, ముందు బంపర్ ఊడదీసి, సబ్బు నురగ పూశాడు. గ్యాస్‌లో వేడిని బయటికి వదిలే జాలీ, కండెన్సర్ అంటారు, దాని కింది మూల సన్నగా బుడగలు. మా ఇల్లు తుమ్మలపెంట రోడ్డు వైపు. ఉప్పుగాలికి అల్యూమినియం తినేసిందన్నాడు. ఈ కారులో బ్యాటరీని చల్లబరిచేదీ అదే గ్యాసంట. ఫాస్ట్ చార్జింగ్‌లో బ్యాటరీ వేడెక్కితే చల్లదనం ముందు దానికి పోతుంది, మిగిలిందే మనకు. ఉన్నదే సగమైతే ఇంక మిగిలేదేముంది? ఇన్ని రోజుల్లో ఈ ఒక్క మాట నాకు ఎవరూ చెప్పలేదు.

కంప్రెసర్ బాగానే ఉందన్నాడు. దాని జోలికి, బ్యాటరీ నుంచి హై వోల్టేజ్ కరెంటు వచ్చే ఆ ఆరెంజ్ వైర్ల జోలికి పిల్లోళ్లను పోనివ్వలేదు. ఈ కంప్రెసర్ లోపల మోటారు చుట్టలు గ్యాస్‌లో, ఆయిల్‌లోనే తడుస్తుంటాయంట. మామూలు కార్ల ఏసీకి పోసే ఆయిల్ కొంచెం కలిసినా కరెంటు లీకై కారు స్టార్టే కాకపోవచ్చని, తన మిషన్ గొట్టాల్లో పాత ఆయిల్ ఉంటుందని, తెలిసినాయన దగ్గర వేరే గొట్టాలు తెప్పించాడు.

ఇదంతా ఆయన పని, బాగా చేశాడు. నన్ను కదిలించింది వేరే. అమ్మను ఫ్యాన్ కింద కూర్చోబెడితే ఒక పిల్లోడు చల్లటి నీళ్ల బాటిల్ తెచ్చి ఇచ్చాడు. అమ్మ తీసుకోకుండా దాన్నే చూస్తూ ఉంది. అన్న నన్ను పక్కకు పిలిచి ఎందుకని అడిగాడు. చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఇంటికి ఫోన్ చేసి స్టీలు గ్లాసులో నాలుగు ఐసు ముక్కలు తెప్పించి, "ఒక్కోటి నోట్లో పెట్టుకో అమ్మా, ఇది లెక్కకు కొంచెమే" అని ఇచ్చాడు. కాసేపటికి గమనించాను. మేమున్న మూడు గంటలూ ఆ పిల్లోళ్లు దప్పికేసినప్పుడల్లా వ్యాన్ వెనక్కి పోయి తాగొస్తున్నారు. అమ్మకు కనపడకుండా. బయట 43 డిగ్రీల ఎండ. నేను కారు చాటుకు పోయి ఏడ్చేశాను. సొంత మనుషులమే ఇంట్లో అమ్మ ముందు గటగటా తాగేస్తాం.

చెన్నై నుంచి కండెన్సర్ బుధవారం వచ్చింది. ఈరోజు బిగించి, లోపలి గాలీ తేమా లాగేయడానికి 45 నిమిషాలు వ్యాక్యూమ్ పెట్టి, తూకం ప్రకారం 550 గ్రాములు పోశాడు. గాలి వచ్చేచోట థర్మామీటర్ పెడితే మంగళవారం 21 డిగ్రీలు, ఈరోజు 8. సామాను, గ్యాస్, కూలీ అన్నీ కలిపి 14,200. ఇంకో వెయ్యి చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. కోవూరు దాటకముందే అమ్మ దుప్పటి అడిగింది. ఏప్రిల్ తర్వాత కారులో ఆమె నిద్రపోవడం ఇదే.

మా ఆవిడ, తమ్ముడు ఎప్పట్లాగే తోడున్నారు.

పోస్ట్ చేయబోతూ గుర్తొచ్చింది, ఈరోజు పొద్దున కారిచ్చిన ఎదురింటి మాస్టారికి, లేటయినా అమ్మ బెడ్డు వేరేవాళ్లకు ఇవ్వకుండా ఉంచిన డయాలసిస్ టెక్నీషియన్ అమ్మాయికి కూడా దండాలు. టీ అంగడాయన పేరైనా అడగలేదు. ఇంకొకటి, ఆ స్టీలు గ్లాసు మా కారులోనే వచ్చేసింది అన్నా. శనివారం వచ్చేటప్పుడు తెచ్చిస్తా.